చెయ్యి పడిపోయిన పూట

"ఎనభై దగ్గర పడ్డ మనిషి. ఇప్పుడు ఇంకేం చేయిస్తాంలెండి, ఇంటికి తీసుకుపోతాం." పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళను దింపే ఆసుపత్రి వరండాల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. అనేవాళ్ళేమీ కఠినులు కారు. తండ్రి మీద ప్రాణం పెట్టుకున్న కొడుకే అంటాడు. అత్తగారికి ఇన్నేళ్ళు వండిపెట్టిన కోడలే కళ్ళు తుడుచుకుంటూ అంటుంది. మంచాన పడి ఏళ్ళ తరబడి బాధపడిన బంధువు ఒకరు ఆ ఇంట్లోనో పక్కింట్లోనో ఉండి ఉంటారు. ఆ భయం నుంచి వచ్చే మాట అది. ఒకప్పుడు వైద్యశాస్త్రం కూడా ఎనభై దాటినవాళ్ళ విషయంలో దాదాపు ఇదే అంది. తరవాత లెక్కలు చూసుకుని తన మాట మార్చుకుంది. ఊళ్ళకు మాత్రం ఆ సంగతి ఇంకా సరిగ్గా చేరలేదు.

నూజివీడు చుట్టుపక్కల ఈ సంగతి చేరడం మరీ అవసరం. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, ఇటు రెడ్డిగూడెం, విస్సన్నపేట దాకా రోడ్డుకు రెండువైపులా మామిడి తోటలే. బంగినపల్లి, కలెక్టరు, చిన్నరసం, పెద్దరసం కాసే ఈ తోటల పిల్లలు చదువుకుని హైదరాబాదులోనో బెంగుళూరులోనో డాలస్‌లోనో స్థిరపడ్డారు. ఇంటినీ తోటనూ చూసుకుంటున్నది చాలా చోట్ల అరవై, డెబ్భై దాటిన ఆలుమగలే. కాపు దిగే ఏప్రిల్, మే నెలల్లో పెద్దాయన తోటలోనే పడుకుంటాడు. పెద్దావిడ ఇంటి దగ్గర ఒక్కతే ఉంటుంది. వాళ్ళకు బీపీ ఉంటుంది, షుగరు ఉంటుంది. మాత్రలు అయిపోయినా, కోతల హడావుడి తగ్గాక తెచ్చుకుందాంలే అనుకునే రోజులవి.

అలాంటి ఒక పొద్దున పెద్దాయన చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోతుంది. మూతి ఒక పక్కకు లాగినట్టవుతుంది. ఏదో చెప్పబోతాడు, మాట ముద్దగా వస్తుంది. లేవబోతే కుడికాలు నిలవదు.

ఆ క్షణంలో మెదడు లోపల జరుగుతున్నది తెలిస్తే, చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేయాలో సగం తెలిసినట్టే. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాల్లో ఒకదానికి గడ్డ అడ్డుపడింది. తోటలో డ్రిప్పు పైపు ఒకచోట పూడుకుపోతే దాని చివరనున్న మొక్క ముందు ఎండుతుంది. పక్క మొక్కలు అటూ ఇటూ నుంచి ఊరే చెమ్మతో కొంతసేపు వాడిపోయి నిలబడతాయి, నీళ్ళు తిరిగొస్తే తేరుకుంటాయి. మెదడులోనూ అంతే. గడ్డకు నేరుగా ఆవల ఉన్న భాగం నిమిషాల్లో చచ్చిపోతుంది. దాని చుట్టూ ఉన్న భాగం మాత్రం పనిచేయడం మానేసినా ప్రాణంతోనే ఉంటుంది. చెయ్యి కదలకపోవడానికి కారణం చాలావరకు ఈ రెండో భాగమే. ఇంకా చావలేదు కనక దాన్ని దక్కించుకోవచ్చు. తక్షణ వైద్యమంతా దాని కోసమే.

అది ఎంతసేపు నిలుస్తుందనేది మనిషిని బట్టి మారుతుంది. పక్క నాళాలు ఆదుకుంటే గంటలు, లేకపోతే తక్కువ. వయసు మీదపడ్డకొద్దీ ఆ పక్కదారులు సన్నబడతాయి. పెద్ద నాళం మూసుకుపోయిన మెదడులో సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు పోతాయని జెఫ్రీ సేవర్ అనే అమెరికన్ న్యూరాలజిస్టు 2006లో లెక్కగట్టాడు. పెద్దవాళ్ళు కదా, తాపీగా చూద్దాం అనుకోవడం అందుకే తలకిందుల ఆలోచన. ఆగే శక్తి తక్కువ ఉన్నది వాళ్ళకే.

గడ్డను కరిగించే వైద్యం రావడానికి ముందు రెండు సంగతులు జరగాల్సి వచ్చింది. మొదటిది సీటీ స్కాన్. పక్షవాతం గడ్డ వల్లా రావచ్చు, నాళం చిట్లి మెదడులో రక్తం కారడం వల్లా రావచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎంత అనుభవమున్న డాక్టరైనా చెయ్యి పట్టుకుని చూసి తేడా చెప్పలేడు. మొదటిదానికి ఇచ్చే మందు రెండోదానికి ఇస్తే ప్రాణం తీస్తుంది. 1971లో లండన్ దగ్గరి ఒక ఆసుపత్రిలో తొలిసారి ఒక రోగి తలను సీటీలో చూశారు. మెదడులో రక్తం ఉందో లేదో నిమిషాల్లో తెలుసుకునే వీలు అలా వచ్చింది. రెండోది సరైన మందు. గుండెపోటుకు వాడే స్ట్రెప్టోకైనేజ్‌ను 1990లలో మెదడు గడ్డల మీద ప్రయోగిస్తే రక్తస్రావాలు ఎక్కువై పరీక్షలను మధ్యలోనే ఆపేశారు. 1995లో అమెరికాలో 624 మంది మీద జరిగిన పరీక్షలో ఆల్టిప్లేజ్ అనే మరో మందు నెగ్గింది. లక్షణాలు మొదలైన 3 గంటల్లోపు ఇస్తే మూడు నెలల నాటికి వైకల్యం లేకుండానో నామమాత్రపు వైకల్యంతోనో మిగిలేవాళ్ళు స్పష్టంగా పెరిగారు. 2008లో ఐరోపా పరీక్ష ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది.

ఎనభై అనే గీత పడింది ఇక్కడే. తొలి పరీక్షల్లో ఎనభై దాటినవాళ్ళు చాలా కొద్దిమంది. 2008 నాటి పరీక్షలో వాళ్ళను చేర్చుకోనే లేదు. ఐరోపాలో మందుకు అనుమతి ఇచ్చినప్పుడు ఎనభై ఏళ్ళ వరకే అన్నారు. మందు వాళ్ళకు చెడు చేసిందని ఎవరూ నిరూపించలేదు. ముసలి నాళాలు పెళుసుగా ఉంటాయి, రక్తస్రావం అవుతుందేమోనన్న భయంతో వాళ్ళను పక్కన పెట్టారు. పక్కన పెట్టారు కనక సాక్ష్యం పుట్టలేదు. సాక్ష్యం లేదు కనక మందు ఇవ్వలేదు. పక్షవాతం ఎక్కువగా వచ్చేది ఎవరికో వాళ్ళనే పరీక్షకు రానివ్వకపోవడం నా దృష్టిలో ఆ కాలపు వైద్యం చేసిన పెద్ద అన్యాయం.

ఆ గీతను చెరిపింది 2012లో వెలువడిన ఒక పరీక్ష. 12 దేశాల్లో 3035 మందిని చేర్చుకున్నారు, వాళ్ళలో సగానికి పైగా ఎనభై దాటినవాళ్ళే. దాని ఫలితాన్ని నిజాయితీగా చెప్పుకోవాలి. మందు తీసుకున్నవాళ్ళలో మొదటి వారంలో చనిపోయినవాళ్ళు ఎక్కువ: నూటికి 11 మంది, తీసుకోనివాళ్ళలో 7 మంది. ఆరు నెలలు గడిచేసరికి రెండు వైపులా చనిపోయినవాళ్ళు సమానమయ్యారు, నూటికి 27. మిగిలినవాళ్ళలో మందు పడినవాళ్ళ వైకల్యం తక్కువగా ఉంది. ఎనభై దాటినవాళ్ళకు దక్కిన మేలు చిన్నవాళ్ళకు దక్కినదానికి ఏమీ తీసిపోలేదు.

రెండేళ్ళ తరవాత, 2014లో, అప్పటిదాకా జరిగిన తొమ్మిది పరీక్షల్లోని 6756 మంది వివరాలను ఒకచోట పోగేశారు. 3 గంటల్లోపు మందు పడితే నూటికి 33 మంది దాదాపు పూర్తిగా తేరుకున్నారు. పడనివాళ్ళలో 23 మంది. 3 నుంచి నాలుగున్నర గంటల మధ్యకు వచ్చేసరికి ఆ తేడా అయిదుకు తగ్గింది, 35కు 30. ఆలస్యంగా మందు పడినవాళ్ళలో 35 మంది ఎలా తేరుకున్నారని సందేహం రావచ్చు. తీవ్రత తక్కువ ఉన్నవాళ్ళే కొంచెం ఆలస్యంగా వస్తారు, అందుకని రెండు అంకెలూ పెద్దవయ్యాయి. చూడాల్సింది వాటి మధ్య తేడాని. అది పదినుంచి అయిదుకు పడిపోయింది, ఆ తరవాత దాదాపు మాయమైంది. మెదడులో రక్తస్రావంతో వారం లోపు చనిపోయినవాళ్ళు మందు పడినవారిలో నూటికి 2.7, పడనివారిలో 0.4. ఈ ప్రమాదం నిజమైనదే, దాన్ని దాచకూడదు. దాన్ని కలుపుకుని లెక్క వేసినా మేలే మొగ్గింది. వయసు ఎంతైనా ఆ మొగ్గు మారలేదు.

డాక్టరు అడగవలసిన ప్రశ్న అందువల్ల మారింది. వయసెంత అనేది రెండోమాట. నిన్న ఈ మనిషి ఏం చేశాడు? తనంతట తాను స్నానం చేసి, అన్నం తిని, తోటదాకా నడిచి వెళ్ళొచ్చాడా? అలాంటి 84 ఏళ్ళ మనిషికి కాపాడుకోవలసింది చాలా ఉంది. ఏడాదిగా మంచంలోనే ఉండి మనుషులను గుర్తుపట్టని 68 ఏళ్ళ మనిషి విషయంలో కుటుంబంతో కూర్చుని వేరేలా మాట్లాడాల్సి రావచ్చు. కాబట్టి ఇంట్లోవాళ్ళు డాక్టరుకు చెప్పాల్సింది కూడా ఇదే: నిన్నటి మనిషి ఎలా ఉన్నాడన్నది. "పెద్దవాడండీ" అని ఆపేస్తే ఆ డాక్టరు చేతిలో ఏ సమాచారమూ పెట్టనట్టే.

వయసు తెచ్చే చిక్కులు మాత్రం ఉన్నాయి. గుండె లయ తప్పినవాళ్ళు, కవాటాలు మార్పించుకున్నవాళ్ళు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటారు. అవి ఒంట్లో ఉండగా గడ్డ కరిగించే ఇంజెక్షను సాధారణంగా ఇవ్వరు. అందుకే మాత్రల డబ్బా మొత్తం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బీపీ 185/110 దాటి ఉంటే దాన్ని ముందు తగ్గించి అప్పుడు మందు ఎక్కిస్తారు. షుగరు మరీ పడిపోయినా చెయ్యి పడిపోయినట్టే కనిపించవచ్చు, కనక వేలిమీద చుక్క రక్తంతో షుగరు చూడటం మొదటి పనుల్లో ఒకటి.

ఆల్టిప్లేజ్‌ను గంటసేపు సెలైనులా ఎక్కించాలి. టెనెక్టెప్లేజ్ అనే కొత్తరకం మందు ఒక్క ఇంజెక్షనుతో అయిపోతుంది. చిన్న ఆసుపత్రిలో మందు వేసి పెద్ద ఆసుపత్రికి పంపడానికి ఇది ఎంతో వీలు. పుణెలో తయారైన టెనెక్టెప్లేజ్‌కు మన దేశంలో పక్షవాతం వైద్యంలో 2016లోనే అనుమతి వచ్చింది. అమెరికాలో వచ్చింది 2025లో. గుండెపోటుకు ఇదే మందు వాడతారు కానీ మెదడుకు ఇచ్చేది ఆ మోతాదులో సగమో ఇంకా తక్కువో. ఊళ్ళో గుండెపోటు ఇంజెక్షను దొరుకుతుంది కదా అని సీటీ తీయకుండా ఎవరూ దానికి చెయ్యి పెట్టకూడదు.

పెద్ద నాళంలో పెద్ద గడ్డ ఇరుక్కుంటే ఇంజెక్షను ఒక్కటే చాలా సార్లు చాలదు. తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి గడ్డను లాగేస్తారు. 2015లో అయిదు పరీక్షలు వరసగా ఈ పద్ధతిని నిలబెట్టాయి. వాటన్నిటినీ కలిపి 2016లో చూస్తే ఎనభై దాటినవాళ్ళలో కూడా లాభం కనిపించింది: గడ్డ లాగినవాళ్ళలో నూటికి 30 మంది తమ పనులు తాము చేసుకోగలిగారు, లాగనివాళ్ళలో 14 మంది. చిన్నవాళ్ళతో పోలిస్తే 30 చిన్న అంకెలా ఉంటుంది. పోల్చవలసింది 14తో. ముసలి ధమనులు వంకరలు తిరిగి గొట్టం ఎక్కడం కష్టమవుతుంది, సమయం పడుతుంది. అయినా ఈ లాభం దక్కింది.

హైదరాబాదు నిమ్స్‌లో సుభాష్ కౌల్ బృందం 2002లో ప్రచురించిన పరిశీలన ఇక్కడ పనికొస్తుంది. మన రోగుల్లో పెద్ద ధమనులు కొవ్వు పేరుకుని సన్నబడటం వల్ల వచ్చే పక్షవాతం ఎక్కువని, అందులోనూ పుర్రె లోపలి ధమనులు పూడుకోవడం ఎక్కువని తేలింది. పాశ్చాత్య దేశాల్లో మెడలోని ధమనులదే పెద్ద వాటా. గడ్డ లాగాక కూడా మనవాళ్ళ నాళం లోపల ఇరుకుగానే ఉండి మళ్ళీ మూసుకుపోయే అవకాశం ఉందన్నమాట. అందుకే మన దగ్గర బీపీ, షుగరు, కొలెస్టరాల్ మాత్రలు ఆ తరవాత మానకూడదు.

ఇక దూరం సంగతి. 2022 ఏప్రిల్ 4న నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు వచ్చింది. కాగితాల మీద జిల్లా మారినా పెద్ద జబ్బు వస్తే జనం ఎక్కే దారి ఇంకా బెజవాడదే. ఏలూరైనా బెజవాడైనా ఇక్కడినుంచి 40, 50 కిలోమీటర్ల లోపు. చాట్రాయి అవతలి తోట నుంచి బయల్దేరితే ఇంకా ఎక్కువ. నాలుగున్నర గంటల్లో ఈ ప్రయాణం సుఖంగా సరిపోతుంది, ఆసుపత్రిలో సీటీకి, పరీక్షలకు మరో గంట పడుతుందనుకున్నా సరిపోతుంది. సమయమంతా పోయేది రోడ్డు ఎక్కకముందే.

ముందు ఇంట్లో ఒక గంట చూస్తారు, తగ్గుతుందేమోనని. తరవాత ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి బీపీ చూసి, అది ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెడతాడు. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతంలో బీపీ పెరగడం చాలా సార్లు మెదడుకు రక్తం చేర్చుకోవడానికి ఒళ్ళు చేసే ప్రయత్నం. దాన్ని ఒక్కసారిగా పడగొడితే అలమటిస్తున్న భాగం కూడా చచ్చిపోతుంది. ఎవరో సోడా తాగిస్తారు, మింగుడు పడక అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంకొకరు పావురం రక్తం రాయమంటారు, మరొకరు నాటు మందు ఇచ్చే ఊరికి కారు కట్టమంటారు. నాటు మందుతో నయమైనవాళ్ళను చూపిస్తారు కూడా. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. చిన్న పక్షవాతాలు మొదటి వారాల్లో వాటంతట అవే కొంత తగ్గుతాయి. మూతి ఒక్కటే వంకరపోయి, చేతులూ కాళ్ళూ బాగున్నవాళ్ళలో చాలామందికి వచ్చింది ముఖ నరం వాపు, అది చాలావరకు దానంతట అదే పోతుంది. ఆ పేరు మందుకు దక్కింది. అదే నమ్మకం మీద పెద్ద గడ్డ ఉన్న మనిషిని వంద కిలోమీటర్లు అటు తీసుకెళ్తే గడువు కాస్తా దారిలోనే అయిపోతుంది.

ఆ తరవాత ఫోన్లు. అమెరికాలో కొడుకు నిద్ర లేవాలి, హైదరాబాదులో కూతురు అల్లుణ్ణి అడగాలి. నిర్ణయం తీసుకునేది వాళ్ళయినా బండి కదలడానికి వాళ్ళ అనుమతి అక్కర్లేదు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 ఉంది. పిలిచి, బండి ఎక్కి, దారిలో మాట్లాడుకోండి.

ఫోనులో, ఆసుపత్రిలో మొదట అడిగే ప్రశ్న: ఈయన బాగుండగా ఆఖరుసారి ఎవరు చూశారు, ఎన్నింటికి? గడియారం అక్కడినుంచే లెక్క. తోటలో పడుకున్న మనిషి విషయంలో ఈ ప్రశ్న కష్టం. పొద్దున ఆరింటికి కాలు పడిపోయి కనిపించాడు, రాత్రి పదింటికి ఫోనులో మామూలుగా మాట్లాడాడు. లెక్క ప్రకారం ఎనిమిది గంటలు పోయినట్టే. అంతమాత్రాన వదిలేయకూడదు. 2018లో వచ్చిన పరీక్షల్లో స్కాన్‌లో ఇంకా దక్కించుకోదగ్గ భాగం కనిపించినవాళ్ళకు 6 నుంచి 24 గంటల దాకా గడ్డ లాగి మేలు చేయగలిగారు. వాటిలో ఒక పరీక్ష ఎనభై దాటినవాళ్ళ కోసం ప్రత్యేకంగా కొలతలు పెట్టి మరీ చేర్చుకుంది. ఒంటరిగా తోటలో పడుకునేవాళ్ళకు పడుకునేముందు ఒకసారి, నిద్ర లేచాక ఒకసారి ఇంటికి ఫోను చేసే అలవాటు ఉంటే డాక్టరుకు ఆ వేళ తెలుస్తుంది.

దూరాన్ని మరో వైపునుంచి కూడా జయించవచ్చు. హిమాచల్ ప్రదేశ్‌లో కొండదారుల్లో రోగిని సిమ్లా చేర్చేసరికే గడువు దాటిపోయేది. 2014లో అక్కడ సీటీ ఉన్న జిల్లా ఆసుపత్రుల్లోని మామూలు వైద్యులకే శిక్షణ ఇచ్చారు. వాళ్ళు సీటీ బొమ్మలను సెల్‌ఫోనులో పంపితే సిమ్లా, టాండా వైద్య కళాశాలల న్యూరాలజిస్టులు చూసి సలహా ఇచ్చేవారు. మందు ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది. కొండల్లో చేయగలిగినది మన కోస్తా మైదానంలో చేయలేమనడానికి నాకు ఏ కారణమూ కనిపించదు. తోటల ప్రాంతంలో ప్రతి ఏరియా ఆసుపత్రి ఇలా బెజవాడ, ఏలూరు, మంగళగిరి ఆసుపత్రులతో ముడిపడాలి. ప్రజాప్రతినిధులను అడగవలసిన కోరికల్లో ఇది పైవరసలో ఉండాలి.

గడువు దాటిపోయినవాళ్ళకు కూడా వైద్యం ఉంది. రక్తస్రావం లేదని సీటీ తేల్చాక ఇచ్చే ఆస్పిరిన్ చవకైన మందు. 1997లో రెండు పెద్ద పరీక్షల్లో దాదాపు 40,000 మంది మీద దాని ప్రయోజనం తేలింది. లాభం చిన్నదే, కానీ అందరికీ అందేది. ఆస్పిరిన్‌ను ఇంట్లోనే, సీటీకి ముందే వేయకూడదు. ఇంతకన్నా పెద్ద మేలు పక్షవాతం కోసం ప్రత్యేకించిన వార్డు చేస్తుంది. మింగగలడో లేదో చూశాకే నోటికి ఏదైనా ఇవ్వడం, పక్క మారుస్తూ పుండ్లు పడకుండా చూడటం, జ్వరాన్నీ షుగరునూ పట్టుకోవడం, తొందరపడకుండా మెల్లగా లేపి కూర్చోబెట్టి నడిపించడం, ఇంతే అక్కడ జరిగేది. ఇంతమాత్రానికే మరణాలూ వైకల్యమూ తగ్గుతాయి, ఏ వయసులోనైనా.

చివరగా గుండె. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊరి ప్రజలను దశాబ్దాల పాటు గమనించినవాళ్ళు 1991లో చెప్పిన లెక్క ఇది: యాభైల్లో వచ్చే పక్షవాతాల్లో గుండె లయ తప్పడం వల్ల వచ్చేవి నూటికి 1.5, ఎనభైల్లో వచ్చేవాటిలో 23.5. అంటే ఎనభై దాటినవాళ్ళలో నాలుగింట ఒకటి దాకా గుండెలో పుట్టిన గడ్డ వల్లే. దాన్ని చాలా సార్లు ఒక్క ఈసీజీ పట్టిస్తుంది. పెద్దవాళ్ళకు రక్తం పలచబడే మందు ఎందుకు, పడితే దెబ్బ తగులుతుందనే భయం ఇక్కడా ఉంది. 2007లో ఇంగ్లండు, వేల్సుల్లో గుండె లయ తప్పిన, 75 దాటిన 973 మంది మీద చూస్తే, రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడినవాళ్ళకు ఆస్పిరిన్ వాడినవాళ్ళకన్నా పెద్ద పక్షవాతాలు సగానికి తగ్గాయి. ప్రమాదకరమైన రక్తస్రావాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

మీ ఇంట్లో అరవై దాటినవాళ్ళుంటే ఈ వారంలోనే మూడు పనులు చేయండి. వాళ్ళకు ఒక ఈసీజీ తీయించండి. మీకు దగ్గరలోని ఆసుపత్రులకు ఫోను చేసి, రాత్రిపూట కూడా సీటీ తీస్తారా, పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షను ఇస్తారా అని అడగండి. ఇస్తామన్న ఆసుపత్రి పేరు, నంబరు, 108తో కలిపి ఒక చీటీ మీద రాసి పెద్దవాళ్ళ సెల్‌ఫోను వెనక అంటించండి. తోటకు వెళ్ళేటప్పుడు ఆ ఫోను వాళ్ళ జేబులో ఉండాలి.